ఒంటి, జంట, దుప్పటి: సటీకా తాత్పర్యము

మూలము

ఒంటి జంట వేసి యొకవరుసల్లిన
జంట మీద నొంటి చక్కఁ గుదురు
కొసకు నొకటి తగ్గ గొప్ప దుప్పటియైన
చారలగును గాన సరిగ నెంచు

అవతారిక. క్రోషియా అనగా కొన వంగిన ఒకే సూదితో, దారాన్ని ఒక ఉచ్చు గుండా మరొక ఉచ్చుగా లాగుతూ బట్టను కల్పించే అల్లిక. దాని నమూనాలు పుస్తకాల్లో అంకెలుగా, పొడి అక్షరాలుగా ఉండి, సూది పట్టిన చేతితోనే మాటిమాటికీ పుట తిప్పవలసి వస్తుంది కనుక, సోఫా మీద పరిచే సాదా దుప్పటి నమూనా ఒకటి ఇక్కడ నోటికి వచ్చేలా ఆటవెలదిగా కూర్చబడినది. ఇది పాత వరంగల్లు నుండి 2016 అక్టోబరు 11న విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాఠకులకు ఉద్దేశింపబడినది. కవులు పోతన, సోమనాథుల ఊళ్లైన బమ్మెర, పాలకుర్తి ఉన్న సీమలో పద్యానికి టీక ఎందుకన్న శంక సహజమే గాని, అక్కడ పద్యం తెలిసినవారిలో ఊలు ఉండ పట్టనివారు, ఊలు ఉండ పట్టినవారిలో పద్యం జోలికి పోనివారు చాలామంది ఉన్నందున, ఇరువురికీ ఈ వ్యాఖ్య ఉపకరించగలదు.

ప్రతిపదార్థము. ఒంటి = సింగిల్ క్రోషియా; సూదిని దూర్చి దారం లాగిన పిమ్మట సూదిపై నిలిచే రెండు ఉచ్చుల గుండా ఒక్కసారిగా బయటికి తీసే పొట్టి అల్లిక. జంట = డబుల్ క్రోషియా; దూర్చడానికి ముందే దారాన్ని సూదికి ఒక చుట్టు చుట్టి, ఆపై నిలిచే మూడు ఉచ్చులను రెండేసి చొప్పున రెండు విడతల్లో దింపే పొడుగు అల్లిక. ఇక్కడ పాఠభేదం ఉన్నది. అమెరికా పుస్తకాలు సింగిల్ అని పిలిచే అల్లికనే ఇంగ్లండు పుస్తకాలు డబుల్ అనీ, అమెరికా డబుల్‌ను ట్రెబుల్ అనీ వ్యవహరిస్తాయి. ఇంగ్లండు పుస్తకాన్ని అమెరికా పుస్తకమనుకొని మొదలుపెట్టినవారు అనుకున్నదానికంటె పొడుగైన, వదులైన దుప్పటిని పొందుతారు. ప్రస్తుత పద్యంలో అమెరికా పాఠమే గ్రాహ్యము.

ఒకవరుస అల్లిన = మొదట 121 గొలుసులు వేసి, సూది నుండి రెండవ గొలుసుతో ఆరంభించి, ఒంటి, జంట, ఒంటి, జంట అని కొసదాకా సాగగా. 121లోని చివరి ఒకటి నూటపదహార్ల వలె శుభానికి చేర్చినదని కొందరు చేయగల వ్యాఖ్య నిరాధారము. సూది పక్కనున్న మొదటి గొలుసు అల్లికకు ఎత్తునిచ్చి తాను లెక్కలోకి రాదు కనుక, మిగిలే సరిసంఖ్య 120 కోసమే ఆ ఒకటి చేర్చబడినది. నాలుగంగుళాలకు 13 అల్లికలు పడే చేతికి 120 అల్లికలు 37 అంగుళాల వెడల్పు, అనగా దాదాపు రెండు మూరలు ఇస్తాయి. చేతి బిగువును బట్టి ఇది మారుతుంది.

జంట మీదన్ ఒంటి = వెనుతిరిగి, ఒక గొలుసు వేసి, కింది వరుసలోని జంటపై ఒంటిని. ఒంటిపై జంట అన్నది మూలంలో లేకున్నా అధ్యాహారము చేసుకోవాలి. చక్కఁ గుదురు = పొట్టిదానిపై పొడుగు, పొడుగుదానిపై పొట్టి పడుట వల్ల బట్ట సమతలంగా నిలిచి, పైన నిమ్మతొక్క వంటి గరుకు ఏర్పడును. ఆ గరుకు దారంలో లేదు, ఎత్తుల తేడాలో ఉన్నది. నున్నటి దారంతో అల్లినా అది వస్తుంది.

గొప్ప = ఇక్కడ శ్రమతో కూడినది అని అర్థము, పరిమాణము కాదు. 2016లో చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్ రికార్డు పొందినది గాని, అది విడి ముక్కలు అల్లి కలిపినది కనుక ఒక ముక్కలోని తప్పు పక్కదానికి పాకదు. పద్యం హెచ్చరించే ప్రమాదం దానికి వర్తించదు.

దుప్పటి = గొంగడి కానిది, జంపఖానా కానిది. గొంగడి కురుమలు గొర్రె ఉన్నితో మగ్గంపై నేసి, చింతగింజల గంజి పట్టించేది; వానకూ చలికీ కాపరి భుజాన ఉండేది. జంపఖానా వరంగల్లు కొత్తవాడ మగ్గాలది. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ రెండింటికీ పడుగు, పేక ఉంటాయి. ఈ దుప్పటికి ఉన్నదల్లా ఒక దారం. బజారులో ఊలు పేరిట దొరికే ఆ దారం చాలావరకు గొర్రెనెరుగని అక్రిలిక్కు.

చారలగును = వరుస కొసన ఒక అల్లిక జారి 119 మిగిలితే, వరుస ఒంటితో మొదలై ఒంటితోనే ముగుస్తుంది; వెనుతిరిగినప్పుడు ఒంటిపై ఒంటి, జంటపై జంట పడి, గరుకు పోయి నిలువు చారలు దేరుతాయి. కొసన ఉండే జంట పక్కకు వాలి కంటికి ఆనకపోవడమే ఈ జారుబాటుకు మూలము. ఇది ఈ పద్యానికి ప్రాణము. తక్కిన పాదాలు దీనికి పరికరాలు.

తాత్పర్యము. పొట్టి, పొడుగు అల్లికలను మార్చి మార్చి వేసి, ప్రతి వరుస చివర లెక్క చూసుకొనవలెను.

శంక: వేసవిలో కూలరు ముందు కూర్చున్నా చెమట ఆరని జనగామలో దుప్పటి దేనికి? సమాధానము: సంక్రాంతి ముందటి తెల్లవారుజామున భూపాలపల్లిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చే సింగరేణి గని కార్మికుని అడిగితే ఈ శంక నిలువదు; చలి లేని తక్కిన కాలమంతా దివాను మీద అలంకారముగా ఉండుటకు చలితో పని లేదు.

విశేషము. ‘ఎంచు’ అన్న క్రియకు కర్మ చెప్పబడలేదు. అల్లికలు అని సంప్రదాయార్థము. అయితే క్రోషియాకు తెలుగునాట ప్రసిద్ధస్థానమైన నరసాపురంలో, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన అక్కడి క్రోషియా లేసును అల్లే స్త్రీలను పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథంలో పరిశీలించి, ఎగుమతికి పనిచేస్తున్నవారిని ఇంట తీరికగా ఉన్న గృహిణులుగా చూడడమే వారి కూలి అడుగంటడానికి దారి అయినదని చూపినందున, గంటలు అని కూడా కర్మను పూరించుకొనవచ్చును. ఈ దుప్పటిని కొనదలచి, బేరమాడేవారు రెండవ అర్థాన్ని ముందుగా చదువుకొనడం మేలు.

లెక్క తప్పినచోట విప్పుట గురించి మూలము చెప్పదు. సూదిపై ఒక్క ఉచ్చే జీవించి ఉండటం చేత, దారాన్ని లాగుతూ తప్పు జరిగిన అల్లిక వరకు వెనక్కి వెళ్లి అక్కడి నుండే తిరిగి మొదలుపెట్టవచ్చు. వరుసలోని ఉచ్చులన్నీ సూదిపైనే ఉండే రెండు సూదుల స్వెట్టరు అల్లికకు ఇంత సౌలభ్యం లేదు. దుప్పటి పొడవు ఎంత ఉండాలో, ఒకే రంగు ఊలైనా వేర్వేరు అద్దకాల ఉండల్లో ఛాయ మారుతుంది కనుక మొదటే ఎన్ని ఉండలు కొనాలో కూడా మూలము చెప్పదు. ఆటవెలదిలో పాదానికి ఐదు గణాలకు మించి చోటు లేకపోవడమే ఇందుకు కారణమని ఊహింపదగును.