భూమి ఆగింది, నోరు ఆగలేదు

ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని పెద్దల మాట. నరసింహస్వామి ఆలయంలోనే యమధర్మరాజుకూ గుడి ఉన్న ఊరు కాబట్టి ఆ మాత్రం ధీమా ఉండాల్సిందే. కాకపోతే ఆ హామీ పోయిన తర్వాతి ప్రయాణానికి ఇచ్చింది. సిమెంటు తక్కువ పడ్డ స్లాబుకు కూడా వర్తిస్తుందని స్వామి ఎక్కడా చెప్పినట్టు లేదు. ఈ తేడాను గోదావరి లోయ అప్పుడప్పుడు గుర్తుచేస్తూనే ఉంది. మనమే వేరే పనుల్లో ఉన్నాం.

2024 డిసెంబర్ 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లాలో 40 కిలోమీటర్ల లోతున భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనానికి తెలిసింది. ఊగుతున్నంతసేపు బల్ల కింద దూరి తల కాచుకోవాలి, ఆగాక ఖాళీ జాగకు పోవాలి అని బడి పుస్తకాల్లో ఉంటుంది. మనం మాత్రం ముందు పక్కింటి గోడ దగ్గరికి పోయి, "మీకు గూడ ఊగిందా?" అని అడిగాం. ఊగలేదంటే చిన్నబుచ్చుకున్నాం. ఊగిందంటే పోటీకి దిగాం: "మీకేం ఊగింది, మా ఇంట్ల అటక మీది గిన్నెలన్ని కింద వడ్డయ్!" బయటికి ఉరికినవాళ్లలో సగం మంది ఫోన్ మరిచామని మళ్లీ లోపలికి ఉరికారు. తెచ్చుకున్నాక నిలబడింది ఎక్కడ? పిట్టగోడ కింద. భూమి గట్టిగా ఊగితే ముందుగా రాలేది ఆ పిట్టగోడే. దాని నీడలో నిలబడి "మేము క్షేమం" అని స్టేటస్ పెట్టాం.

మధ్యాహ్నానికల్లా, తమకు ముందే తెలుసన్నవాళ్లు బయల్దేరారు. అదే ఏడు ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలాయి కదా, భూకంపానికి అదే సూచన అన్నారు. చెట్లు కూలిన రోజున ఈ సూచన ఎవరికీ అందలేదు. మూడు నెలలు ఆగి, భూమి ఊగాకే అందింది. రాత్రి కుక్కలు ఏడ్చాయని ఇంకొకాయన. మన వాడకట్టులో కుక్కలు ఏడవని రాత్రి ఏదో ఆయనే చెప్పాలి.

జరిగాక చెప్పడంలో కిక్కు చాలక, కొందరు జరగకముందే చెప్పడం మొదలుపెట్టారు. 2025 ఏప్రిల్‌లో, రామగుండం దగ్గర పెద్ద భూకంపం రాబోతోందని, హైదరాబాద్, అమరావతి దాకా దెబ్బ తగులుతుందని ఒక జోస్యం ఫోన్ ఫోన్‌కూ పాకింది. రామగుండం అంటే మనకు గోదావరి దిగువనే. భూకంపాన్ని ముందుగా చెప్పే విద్య ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ మాటను ఎవరు ఫార్వర్డ్ చేస్తారు? అందులో భయం లేదు, మ్యూజిక్ లేదు. ఏప్రిల్ వెళ్లిపోయింది, రామగుండం కదలలేదు. మే 5 సాయంత్రం ఆసిఫాబాద్ వైపు 3.8 తీవ్రతతో భూమి కదిలింది. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల్లో కొన్ని సెకన్లు తెలిసింది. ఇంకేం! "చెప్పలేదా?" అన్నారు. తేదీ తప్పింది, ఊరు తప్పింది, సైజు తప్పింది. శక్తి లెక్కన ములుగు భూకంపంలో అది నూటయాభయ్యో వంతు కూడా కాదు. అయినా జోస్యం ఫలించింది!

ఎక్కడ, ఎప్పుడు, ఎంత అనే మూడూ చెప్తేనే అది జోస్యం. 5కు, 6కు మధ్య తీవ్రత ఉన్న భూకంపాలు ప్రపంచంలో ఏటా వెయ్యికి పైగా వస్తాయి. "త్వరలో ఎక్కడో ఒకచోట వస్తుంది" అని చెప్పి తప్పిపోవాలంటేనే ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. అమెరికా భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కలన్నీ కట్టి, పరికరాలన్నీ పరిచి, కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1993 లోపు భూకంపం వస్తుందన్నారు. అది 2004లో తీరిగ్గా వచ్చింది. చైనావాళ్లు 1975లో హైచెంగ్ జనాన్ని ముందే ఖాళీ చేయించి ప్రపంచం చేత శెభాష్ అనిపించుకున్నారు. మరుసటి ఏడే తాంగ్‌షాన్‌లో ఏ హెచ్చరికా లేకుండా రెండు లక్షల మందికి పైగా పోయారు. ఇంత జరిగాక వాళ్లు నోరు అదుపులో పెట్టుకున్నారు. మన గ్రూప్ అడ్మిన్‌కు ఆ ఇబ్బంది లేదు.

అసలు ఈ లోయ కింద నేల పగులు ఉందన్నది రహస్యమేమీ కాదు. ప్రాణహిత–గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట నేల చీలి కుంగితే ఏర్పడింది. ఆ కుంగిన చోటే సింగరేణి బొగ్గు పేరుకుంది. బొగ్గు మనకు ముద్దు, పగులు మాత్రం పుకారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కదిలింది కూడా ఈ లోయే.

ఇన్ని మాటల మధ్య ఎవరూ మాట్లాడనిది ఒకటుంది: ఇల్లు. 1993 సెప్టెంబర్ 30న, వినాయక నిమజ్జనం ముగించుకుని పడుకున్న కిల్లారి మీద రాళ్లూ మట్టీ పేర్చిన గోడలు, మందపాటి మట్టి కప్పులు కూలాయి. లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో దాదాపు పదివేల మంది పోయారు. తీవ్రత 6.2. ఆ ప్రాంతం అప్పటి మ్యాపులో అన్నిటికన్నా భద్రమైన జోన్‌లో ఉంది. వాళ్లను చంపింది వాళ్ల గోడలే.

మనం ఆ పాఠం బాగానే నేర్చుకున్నాం, మట్టి గోడలు తీసేసి పిల్లర్లు లేపాం. కింద షట్టర్ల దుకాణాలు, పైన రెండంతస్తులకు పర్మిషన్, మూడో అంతస్తు మన ఇష్టం. వాస్తు పంతులు నైరుతి బరువుగా ఉండాలంటే వెయ్యి లీటర్ల ట్యాంకు, అంటే నిండితే టన్ను బరువు, మూడో అంతస్తు నెత్తిన పెట్టాం. వంటిల్లు రెండడుగులు జరగాలంటే గోడ పగలగొట్టాం. పిల్లర్‌లో రింగులు ఎంత దూరంలో కట్టారు, వాటి కొసలు లోపలికి వంచారా, ఊరికే మడిచి వదిలేశారా అని మేస్త్రీని ఒక్కమాట అడిగామా? నేల ఊగినప్పుడు రాడ్లను పట్టి ఉంచేవి ఆ రింగులే. పిల్లర్‌కు కిందా పైనా అవి దగ్గరదగ్గరగా ఉండాలని, కొసలు కాంక్రీటు లోపలికి వంగాలని ఐఎస్ 13920 ప్రమాణం చెప్తుంది. అడిగితే మేస్త్రీ, "గన్ని రింగులెందుకు సార్, ఇనుము దండుగ" అంటాడు. అక్కడ మిగిలిన ఇనుము డబ్బులతోనే గృహప్రవేశానికి డ్రోన్ కెమెరా పెడతాం.

కాబట్టి భూకంపం ఎప్పుడొస్తుందని నన్ను అడగకండి, చెప్పలేను. వస్తే ఏ ఇల్లు కూలుతుందో మాత్రం స్లాబు పడకముందే చెప్పొచ్చు. ఆ జోస్యానికి పంచాంగం అక్కర్లేదు, కుక్కలు ఏడవక్కర్లేదు, టేపు పట్టుకుని రింగుల మధ్య దూరం కొలిస్తే చాలు. అది ఎన్ని గ్రూపుల్లో ఫార్వర్డ్ అవుతుందో చూస్తాను.