రాయకపోతే ప్రమాదమే

అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీలో వేసిన కట్లు, కుట్లు కొన్ని మర్నాడో మూడోనాడో హైదరాబాద్‌లో ఏ హైటెక్ సిటీ మేడ మీదో నంబర్లయి తేలతాయి. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చిన మన పిల్లలు డాక్టరు రాసిన చార్టు చదివి, ఐసీడీ-10 కోడ్ వేసి, బిల్లుకు దారి చూపిస్తారు. అసలు పని బిల్లే. ఆ నంబర్లనే పోగేసి, ఏ ఊళ్లో ఏ జబ్బు లేస్తోందో కనిపెడతామంటుంది అక్కడి ప్రజారోగ్య శాఖ. చిట్టా షావుకారుది, జాతకం జనానిది.

2015 అక్టోబర్ 1న అమెరికా పాత ఐసీడీ-9ని వదిలి ఐసీడీ-10కి మారేసరికి, సుమారు 14 వేల జబ్బుల కోడ్లు కాస్తా దాదాపు 70 వేలయ్యాయి. ఇక దేనికీ కొదవ లేదు. బాతు కరిస్తే డబ్ల్యు61.61, అదే బాతు ఢీకొడితే డబ్ల్యు61.62. ఆవు కరిస్తే ఒకటి, కుమ్మితే ఇంకోటి. అత్తమామలతో పడకపోతే జెడ్63.1. (ఇది మన దగ్గర పెడితే సర్వర్లు కూలతాయి.)

బాతును ఇంత పరీక్షగా చూసిన కళ్లు తుపాకీ దగ్గరికొచ్చేసరికి జోడు తీసేస్తాయి. ఒకడు తొడలో తూటాతో వచ్చాడనుకోండి. ఎవరైనా కాల్చారా, తనే కాల్చుకున్నాడా, చేతిలో పేలిందా? డాక్టరుకు రక్తం ఆపే తొందర. 'తొడలో బుల్లెట్ గాయం' అని రాసి వదిలేశాడు. కోడింగ్ రూలు ప్రకారం, ఉద్దేశం రాయని గాయం ప్రమాదమే! మరి 'తెలియదు' అనే కోడ్ లేదా అంటారేమో. భేషుగ్గా ఉంది. కాకపోతే, తెలుసుకోవడం కుదరలేదని డాక్టరు చార్టులో రాస్తేనే అది వేయాలి. మన పోలీస్ స్టేషన్ రైటరు కూడా ఇంత సులువుగా కేసు మూయలేడు. ఆ లెక్కలు చూసిన అధికారి, జనం తుపాకులు తుడుచుకుంటూ తెగ పేల్చేసుకుంటున్నారే అని ముక్కున వేలేసుకోవాలి.

అదీ, కోడ్ వేస్తేనే. గాయం ఎలా తగిలిందో చెప్పే కోడ్లు వేసి తీరాలన్న నిబంధన దేశం మొత్తానికీ లేదు. రాష్ట్రమో, ఇన్సూరెన్స్ కంపెనీయో అడిగితేనే తప్పనిసరి. గంటకిన్ని చార్టులని టార్గెట్ పెట్టిన చోట, అడగని కోడ్ ఎవడు వెతుకుతాడు? బాతు బతికిపోయింది.

కొత్త జబ్బుల సంగతి మరీ ముచ్చట. కోవిడ్ 2020 జనవరిలోనే అమెరికాలో బయటపడింది. దాని సొంత నంబరు యు07.1 అమల్లోకొచ్చింది ఏప్రిల్ 1న. తేదీ నేను ఎంచింది కాదు. అప్పటిదాకా అది 'ఇతర కరోనా వైరస్' ఖాతాలో పరాయి పేరుతో గడిపింది.

అందుకే జబ్బుల మీద నిఘా పెట్టేవాళ్లు కోడ్‌ని ఒక్కదాన్నే నమ్మరు. రోగి రాగానే ఏం బాధని అడిగి టైపు చేసిన మాటల్ని కూడా వెతుకుతారు. వాటి నిండా అక్షరదోషాలే. కానీ 'మా బావమరిది కాల్చాడు' అని రోగి చెబితే, ఆ ముక్క అందులో ఉండొచ్చు. డాక్టరు చార్టులోకి ఎక్కకపోతే, కోడ్ దగ్గరికొచ్చేసరికి బావమరిది మాయం. ఆడిట్‌లో మాత్రం కోడర్‌కు నూటికి నూరు.