గాలిమోటర్ బావ

అమెరికాలో స్థిరపడిన మన ఇంజినీరుకు నలభై దాటాక ఏదో ఒక గాలి సోకుతుంది. మొదట పెద్ద కెమెరా కొంటాడు. తర్వాత కరెంటు కారు. ఆ తర్వాత మారథాన్ పరుగు, ఆ పతకాలు తగిలించడానికి హాలు నిండా మేకులు. గోడ నిండిపోయాక కొందరు కిలిమంజారో ఎక్కుతారు, కొందరు పెరట్లో తేనెటీగలు పెంచుతారు. మా అక్క మొగుడు హెలికాప్టర్ నేర్చుకున్నాడు.

డబ్బెక్కువై కాదు. రాయని పరీక్ష ఎక్కడైనా మిగిలి ఉందని తెలిస్తే బావకు నిద్రపట్టదు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజుల్లో పది ప్రశ్నల్లో ఆరు చెబితే పాస్. ఆరూ వరసగా చెప్పేసరికి అధికారి చాల్లెమ్మన్నాడట. మిగిలిన నాలుగూ అడగనే లేదని ఆయన ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

హెలికాప్టర్‌కూ రాతపరీక్ష ఉంది. అరవై ప్రశ్నలు, డెబ్బై శాతం వస్తే చాలు. బావకు తొంభై ఏడు వచ్చాయి. తప్పిన ఆ రెండూ ప్రశ్నలు తయారుచేసినవాళ్ల తప్పులేనని మాకందరికీ ఒక ఆదివారం బోర్డు మీద నిరూపించాడు.

కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. హెలికాప్టర్‌ను గాల్లో ఒకచోట కదలకుండా నిలబెట్టడాన్ని హోవర్ అంటారు. దాన్ని బట్టీ పట్టడానికి లేదు. ఎడమచేతి లివర్ ఎత్తితే పైకి లేస్తుంది. లేస్తూ లేస్తూ ముక్కు కుడికి తిప్పుకుంటుంది. దాన్ని సరిచేయడానికి ఎడమ పెడల్ తొక్కాలి. తొక్కేలోపు మనిషి పక్కకి జారిపోతుంటాడు, దానికి కుడిచేతి కడ్డీ. ఆ కడ్డీని వెంట్రుకవాసి కదిపితే చాలు, బావ బెత్తెడు కదిపేవాడు. ఫుట్‌బాల్ మైదానమంత జాగా ఇచ్చినా సరిపోక, తాడు తెంచుకున్న దూడలా దాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పేవాడట. పక్కన కూర్చున్న గురువు ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. "సార్, ఆలోచించకండి" అనేవాడట. ఆలోచించకుండా పాసైన పరీక్ష మా బావ జీవితంలో ఒక్కటీ లేదు.

దాంతో ఇంట్లో సాధన మొదలైంది. డైనింగ్ కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య తుడిచే కర్ర, ఎడమచేతిలో అన్నం హస్తం, కాళ్ల కింద రెండు చెప్పులు. కళ్లు మూసుకుని టవర్‌తో మాట్లాడేవాడు. హస్తం కావాల్సినప్పుడల్లా అక్క హెలికాప్టర్ దిగేదాకా ఆగాల్సి వచ్చేది.

చట్టం అడిగేది కనీసం 40 గంటలు. బావకు 71 పట్టాయి. ఈ అంకె మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు, నేను లాగ్‌బుక్కులో చూశాను. గంటకు వందల డాలర్లు. మొదటి నెల బిల్లును అక్క రూపాయల్లోకి మార్చి చూసింది; రెండో నెల నుంచి మార్చడం మానేసింది. ఆమె భయమంతా ఇంకోటి. ఆయన నేర్చుకున్న రాబిన్‌సన్ హెలికాప్టర్లు లాస్ ఏంజిలస్ పక్కనే ఉన్న టోరెన్స్‌లో తయారవుతాయి. ఫ్రాంక్ రాబిన్‌సన్ ఆ కంపెనీని 1973లో తన ఇంట్లోనే మొదలుపెట్టాడని బావ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. చెబుతూ చెబుతూ గ్యారేజీ వైపు చూస్తాడు. ఆ చూపు అక్కకు నచ్చదు.

"ఇంజన్ ఆగిపోతే?" అని ఒకరోజు అడిగింది.

బావ ముఖం వెలిగిపోయింది. సిలబస్‌లో ఉన్న ప్రశ్న! ఇంజన్ ఆగినా రెక్కలు ఆగవట. వెంటనే ఎడమచేతి లివర్ కిందికి దించేస్తే, పడుతున్నప్పుడు కింది నుంచి వచ్చే గాలికి జాతరలో అమ్మే కాగితం చక్రంలా రెక్క తిరుగుతూనే ఉంటుందట. నేల దగ్గరికొచ్చాక ముక్కు ఎత్తి వేగం తగ్గించి, లివర్ లాగి, మెత్తగా దించవచ్చట. దాని పేరు ఆటోరొటేషన్.

"లివర్ ఎంతసేపట్లో దించాలి?"

"చిన్న హెలికాప్టర్‌లో ఒకటి, రెండు సెకన్లు."

అక్క కాసేపు ఆయన్నే చూసింది. "మూడుసార్లు పిలిస్తే గానీ 'ఆఁ' అనరు మీరు" అని లోపలికి వెళ్లిపోయింది.

లైసెన్స్ వచ్చింది. నేర్చుకున్న ఆర్-22లో రెండే సీట్లు. ఇంటిల్లిపాదినీ ఎక్కించాలంటే నాలుగు సీట్ల ఆర్-44 కావాలి, దానికి వేరే శిక్షణ. అదీ అయింది. అప్పుడు కరీంనగర్ నుంచి అత్తమ్మ దిగింది, వీసా మీద ఆరు నెలలకు. బావ వాళ్లమ్మ. నేనూ ఆఫీసు పని మీద అక్కడే ఉన్నాను. మేనకోడలు యూనివర్సిటీ హాస్టల్లో ఉండి తప్పించుకుంది.

"గాలిమోటర్ల నేనెక్క బిడ్డా" అంది అత్తమ్మ. "బాలయోగి గట్లనే పాయె. రాజశేఖర్‌రెడ్డి గట్లనే పాయె."

దానికి బావ దగ్గర జవాబు లేదు. 2002లో ఒకరు, 2009లో ఒకరు. హెలికాప్టర్ అంటే మనవాళ్లకు ఒకటి ఆ రెండు రోజులు, లేదంటే ఎన్నికల సభలో కళ్లల్లో పడే దుమ్ము. చివరికి ఆమెను ఒప్పించింది నేనే, మాలిబు వేంకటేశ్వరస్వామి గుడి చుట్టూ ఆకాశంలో ప్రదక్షిణ అని ఆశపెట్టి.

ముందురోజు రాత్రి బావ బాత్రూం కాటా తెచ్చి పూజగది ముందు పెట్టాడు. మనవాళ్లకు తూకం కొత్త కాదు. ఇరవై మూడు కిలోల సూట్‌కేసులో ఆవకాయ ఎటు సర్దాలో, గోంగూర ఎటు సర్దాలో మనకు తెలిసినంత ఏ దేశం వాళ్లకూ తెలియదు. కాకపోతే ఎప్పుడూ సూట్‌కేసునే తూచాం, మనుషుల్ని తూచలేదు. ఆర్-44 మనుషులతో, పెట్రోలుతో, తనతో కలిపి 2,400 పౌండ్లు దాటకూడదు, అంటే దాదాపు 1,090 కిలోలు. పెట్రోలు ట్యాంకులు నింపితే మనుషులు తగ్గాలి, మనుషులు నిండితే పెట్రోలు తగ్గాలి. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండేదని చిన్నప్పుడు విన్నాం. దాని వెయిట్ అండ్ బ్యాలెన్స్ పట్టిక ఎవరు వేశారో!

అత్తమ్మ కాటా ఎక్కింది. నేనెక్కాను. అక్క మాత్రం ఎక్కలేదు. కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద బరువు రాసి ఉంటుంది, మనం చెప్పిందే రాస్తారు. పన్నెండేళ్ల కిందటి బరువు.

"గవర్నమెంటే నమ్మింది, మీకేం?"

బావ ఆ అంకే రాసుకున్నాడు. అర్ధరాత్రి లేచి పెట్రోల్లో నాలుగు గ్యాలన్లు తగ్గించుకున్నాడని లెక్కల కాగితం చూసి నాకు తెలిసింది. కొట్టివేత పక్కన కారణం రాయలేదు. తెలివైన పైలట్.

వాన్‌నైస్ విమానాశ్రయంలో అత్తమ్మ సంచిలోంచి నిమ్మకాయలు తీసింది. చక్రాల కింద పెట్టాలి. హెలికాప్టర్‌కు చక్రాల్లేవు, రెండు గొట్టాలు. ఆమె చాలాసేపు చుట్టూ తిరిగి వెతికింది. వెనక చిన్న రెక్క దగ్గరికి పోవద్దని బావ కేక. కొబ్బరికాయ కుదరదన్నారు, ముక్కలు రెక్కల గాలికి లేస్తాయి. చివరికి ముక్కు మీద కుంకుమ బొట్టు ఒక్కటి ఖరారైంది. కొంగు బిగించి నడుంలో దోపించారు. పులిహోర డబ్బా సీటు కింది పెట్టెలోకి వెళ్లింది. బావ దాన్ని కూడా తూచాడు.

పైలట్‌ది ముందు కుడి సీటు. ఆయన వెనక అత్తమ్మ. ఎడమవైపు ముందు అక్క, వెనక నేను. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. ఇందులో ఒక చిక్కుంది, ఎవరు ఏమన్నా నలుగురికీ వినబడుతుంది. ఆ సంగతి అత్తమ్మకు ఎవరూ చెప్పలేదు. నేల వదిలిన నిమిషానికి నా వైపు వంగి, రహస్యంగా, "మీ అక్క ఈ నడుమ వండుడే బంజేసింది" అంది.

అక్క తల తిప్పలేదు. బావ మెడ బిగుసుకుంది. టవర్ నుంచి ఎవరో గబగబా ఏదో అడిగారు. "ఎవడా పిలగాడు, గంత కోపంగ మాట్లాడుతుండు?" అంది అత్తమ్మ.

శాంటా మోనికా కొండల మధ్య తెల్ల గోపురాలు కనబడ్డాయి. అప్పుడొచ్చింది ధర్మసందేహం. "దేవుని నెత్తి మీదికెళ్లి పోతరా ఎవలన్న?" తిరుమల మీద విమానాలు ఎగరనివ్వొద్దని టీటీడీ కేంద్రాన్ని అడుగుతూనే ఉంది కదా, ఆమె మాటలో న్యాయముంది. బావ పక్కకి జరిగి, దూరంగా, ఎత్తులో, కుడివైపు తిప్పాడు. ప్రదక్షిణలో దేవుడు కుడిపక్కనే ఉండాలి, పైలట్ కూర్చునేదీ కుడిపక్కనే. ఆగమానికీ హెలికాప్టర్‌కూ అలా రాజీ కుదిరింది. మూడుసార్లు. అత్తమ్మ చేతులు జోడించింది. ఎడమపక్కనున్న మా ఇద్దరికీ మూడుసార్లూ ఆకాశమే దక్కింది.

దించడం మాత్రం, చెప్పాలి, పువ్వు పెట్టినట్టు దించాడు. ఆ క్షణంలో ఆయన ఏమీ ఆలోచించడం లేదని వెనక నుంచి చూస్తేనే తెలిసింది.

రెక్కలు ఆగాక నా వైపు తిరిగాడు. ప్రైవేటు లైసెన్స్ ఉన్నవాడు కిరాయి తీసుకోకూడదట. ఖర్చు మాత్రం సమానంగా పంచుకోవచ్చట. "నలుగురం కదా, నీది నాలుగో వంతు" అన్నాడు. ఈ చట్టం ఎక్కేముందు ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి అత్తమ్మ కరీంనగర్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టడం ఆమెకు అలవాటు.

"ఏం గాలిమోటరే, ఉత్త లొల్లి. నలుగురే పడుతరు, గది గూడ జోకి జోకి ఎక్కిచ్చిండు. మీ బావ బజాజ్ స్కూటర్ మీద అయిదుగురం పోయేటోళ్లం గాదె, బియ్యం మూట ఎన్క గట్టుకొని!"