వినకూడని సలహాలు: ఆయాసం, నడుంనొప్పి, షుగరు

"ఆయాసమా? గాడిద మాంసం నాలుగు పూటలు తినండి, నడుంనొప్పి కూడా పోతుంది."

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ప్యాసింజరులోనూ, బాపట్ల టీకొట్ల దగ్గరా ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. గాడిద రక్తం తాగి పరుగెత్తితే ఒంటికి బలమన్న పాత కథను 2021 సంక్రాంతికి వచ్చిన 'క్రాక్' సినిమా వేటపాలెం ముఠా పేరుతో తెరకెక్కించింది. తెర మీద చూసిన కథకు రుజువు అడిగేవాళ్లు తక్కువ. మాంసం కోసం కోయదగిన జంతువుల్లో గాడిదను 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చేర్చలేదు. కాబట్టి ఆ మాంసాన్ని పరీక్షించి ముద్ర వేసే పశువైద్యుడు ఉండడు. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు వందల కిలోల గాడిద మాంసం పట్టుకున్నారు.

మరి తిన్నవాళ్లు తగ్గిందంటున్నారు కదా? వాళ్లు అబద్ధమాడటం లేదు. ఆయాసం పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. నడుంనొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఏ మందు కోసమైనా మనం పరుగెత్తేది బాధ బాగా ముదిరిన రోజునే. ఆ తర్వాత వచ్చే ఉపశమనం ఎలాగూ వచ్చేదే, పేరు మాత్రం ఆఖరున తిన్నదానికి దక్కుతుంది. అందుకే తగ్గినవాళ్లు ఎంతమంది అన్న ఒక్క లెక్క చాలదు. తిన్నా తగ్గనివాళ్లెందరు, తినకుండానే తగ్గినవాళ్లెందరు అని కూడా అడగండి.

"వీడియోలో చూశాం, లేచి కూర్చున్నాడు."

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం జనం పోటెత్తారు. కంట్లో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రిలో చనిపోయారు. ప్రభుత్వం మే 31న ఆయన మందుల్లో కొన్నిటికి అనుమతిస్తూ కంటిచుక్కలను పక్కన పెట్టింది. మొదటి వీడియో మీకు ఎవరు పంపారో గుర్తుండే ఉంటుంది. ఆయన పోయిన వార్తను కూడా వాళ్లు పంపారా? వీడియో ఆగిన చోట రోగి కథ ఆగిపోదు. వారం తర్వాత అతను ఎలా ఉన్నాడో తెలిసేదాకా దాన్ని ఇంకొకరికి పంపకండి.

"టీవీలో డాక్టరుగారే చెప్పారు, షుగరు మొత్తానికే పోతుందట."

కింద ఫోన్ నంబరు తిరుగుతుంటే అది ప్రకటనే అనుకోండి. షుగరు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

"ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుంది."

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఈ సలహా. గాడిద మాంసం తినేవాళ్లు కొద్దిమందే, ఇన్‌హేలర్ దాచేసే ఇళ్లు చాలా ఉన్నాయి. మాత్రలో మిల్లీగ్రాముల్లో వెళ్లే మందు, ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అది వ్యసనం కాదు. రోజూ వాడమన్నదాన్ని బాగుందని ఆపేస్తే లోపల వాపు మళ్లీ పెరుగుతుంది.

"ఏం పోయింది, ఒకసారి వాడి చూడు."

పోయేది సమయం. ఆయాసంతో పిల్లవాడు ఒక్క మాట పూర్తిగా చెప్పలేక ఆగిపోతున్నా, పెదవులు నీలమవుతున్నా ఎవరి చిట్కా కోసమూ ఆగకండి. 108కి ఫోన్ చేయండి, దారిలో అత్యవసరానికి డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ ఇస్తూనే ఉండండి.