మీ మేలు కోరే దాచాం!

వ్యాపారి లాభం వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. వేసుకున్న లాభం కూడా జనం కోసమే అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఈ మాట నిన్నమొన్నటిది కాదు. క్రీ.పూ. 386 ప్రాంతంలో ఏథెన్స్ ధాన్యం వర్తకులు కోర్టులో చెప్పుకున్నది సాక్షాత్తు ఇదే.

ఆ ఊరికి గింజలు చాలావరకు నల్లసముద్రం వైపు నుంచి ఓడల్లో రావాలి. అందుకే చట్టం కఠినంగా ఉండేది. 50 గంపలకు మించి కొనకూడదు, కొన్న ధర మీద ఒక్క ఓబోల్ నాణెం కన్నా ఎక్కువ వేసుకోకూడదు. మీరితే మరణశిక్షే. వీళ్లు మీరారు. ఎందుకయ్యా అంటే, మీకు చవగ్గా అమ్ముదామనే కొనిపెట్టామన్నారు! ప్రాణాలకు తెగించిన దానకర్ణులు! వాళ్లమీద అభియోగ ప్రసంగం రాసిచ్చిన లిసియాస్ లెక్క వేరు. కొన్న ధర మీద అదే రోజు ఒక ద్రాక్మా ఎక్కించి అమ్మిన సందర్భాలున్నాయంటాడు. ద్రాక్మా అంటే ఆరు ఓబోల్‌లు. దయ ఆరింతలైందన్నమాట.

ఆయన ఇంకో చురక కూడా వేశాడు. అందరికీ తెలిసేలా యుద్ధ పన్ను కట్టమంటే పేదవాళ్లమని చేతులెత్తేసేవాళ్లు, గుట్టుగా చేసిన నేరాన్ని మాత్రం జనం మీద ప్రేమ అంటున్నారట. పైగా ఓడలు మునిగాయనీ, స్పార్టావాళ్లు పట్టుకుపోయారనీ, రేవులు మూసేశారనీ పుకార్లు పుట్టించేదీ వాళ్లేనట. ఊరికి కీడు జరిగితే గల్లాపెట్టె నిండే ప్రజాసేవ మరి.

అర్ధ శతాబ్దం దాటాక అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’లో తేల్చాడు: ఇల్లు గడవడానికి కావలసింది సమకూర్చుకోవడానికి ఒక హద్దుంది, డబ్బు కోసం డబ్బు పోగెయ్యడానికి లేదు. అదే పుస్తకంలో థేలీస్ కథా ఉంది. చలికాలంలోనే మిలెటస్, ఖియోస్‌లలోని ఒలీవ గానుగలన్నీ కారుచౌకగా అద్దెకు పట్టి, పంట వేళ తన రేటుకు తిప్పాడట. తత్త్వవేత్త తలచుకుంటే సంపాదించగలడని నిరూపించడానికి! ఆ నిరూపణ ఖర్చు గానుగ అవసరమైన వాళ్లే భరించారు.

ఆ పుస్తకంలో నాకు నచ్చినవాడు సిసిలీ మనిషి. ఇనుమంతా తానొక్కడే కొనేసి, 50 టాలెంట్ల సొమ్ము మీద మరో 100 మిగుల్చుకున్నాడు. నీ డబ్బు పట్టుకుపో, సిరక్యూస్‌లో మాత్రం ఉండకు అన్నాడు పాలకుడు డియొనీసియస్. జనం మీద జాలితో కాదు, తన వ్యవహారాలకు అడ్డొస్తాడని. వెళ్లగొడుతుంటే ఆ ఇనుము వ్యాపారి, ఇదంతా సిసిలీ ప్రజల బాగు కోసమే చేశానన్నట్టు అరిస్టాటిల్ ఎక్కడా రాయలేదు. ఆ మాత్రం సిగ్గు ఏథెన్స్ దాతలకు లేకపోయింది.