బుర్ర లేకపోవడమే దాని సుగుణం

ఫ్యాక్టరీలో మిషను పక్కన రేకు డబ్బాలో బిగించి ఉండే ఆపరేటర్ టెర్మినల్‌ని చూసి జాలిపడేవాళ్లే ఎక్కువ. మసకబారిన తెర, పచ్చటి అక్షరాలు, నూనె మరకలంటిన కీప్యాడ్. దానికి సొంత బుర్ర లేదు. వెనక ఉండి మిషన్ని నడిపే కంట్రోలర్, అంటే పీఎల్‌సీ, సీరియల్ కేబుల్ మీద ఏది పంపితే అది రాస్తుంది, ఎక్కడ రాయమంటే అక్కడ రాస్తుంది. బుర్ర లేకుండా ఉద్యోగమెలా నిలుస్తుందని అడగకండి, జవాబులు మీ ఆఫీసులోనే కనిపిస్తాయి. నేననేది ఒక్కటే: మిషను పక్క తెరకు బుర్ర లేకపోవడం లోపం కాదు, అర్హత. చెప్పనిది చేయదు గనక, తప్పు జరిగితే చేయించిందెవరో ఇట్టే తేలిపోతుంది.

దానితో మాట్లాడే భాషకు వయసు మీరినా ఓపిక తగ్గలేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100తో ఇది ఊరూరా పాకింది, 1979లో అమెరికా ప్రమాణంగా ముద్ర కూడా పడింది. ముందు 27వ నంబరు అక్షరం, అంటే ఎస్కేప్, వస్తుంది. ఇక వచ్చేది రాయడానికి కాదు, చేయడానికి అని దాని భావం. వెనకాలే ‘[2జె’ వస్తే తెర మొత్తం తుడుచుకుంటుంది. ‘[5ఎమ్’ వస్తే ఆపైన రాసేవన్నీ మిణుకుమిణుకుమంటాయి. ప్రోగ్రాం రాసినాయన ‘[0ఎమ్’తో దాన్ని ఆపడం మరిచాడా, అలారమే కాదు, బ్యాచ్ నంబరూ, టైమూ, చివరికి ‘అంతా సవ్యం’ అన్న కబురూ కంగారుగా కన్నుకొడుతుంటాయి. పెద్ద మోటారు స్టార్టయినప్పటి విద్యుత్ అలజడికి ఆ 27 దారిలో పోయిందనుకోండి, మిగిలిన మూడక్షరాలూ సిగ్గు లేకుండా తెర మీదే అచ్చవుతాయి. ఎలక్ట్రీషియన్‌కి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? తిన్నగా వెళ్లి కేబుల్ షీల్డు, ఎర్తింగు చూసుకుంటాడు.

అంకెలే పాడైతే ఏమిటంటారు. న్యాయమైన ప్రశ్నే, 8కీ 9కీ తేడా ఒక్క బిట్టు. 180 డిగ్రీలు 190గా కనిపిస్తే ఆపరేటర్ గుండె జారుతుంది. అందుకే పారిటీ అనే తనిఖీ బిట్టు పెట్టారు, తారుమారైంది ఒక్క బిట్టే అయితే అది పట్టేస్తుంది. రెండు బిట్లు కూడబలుక్కుని తప్పించుకున్నా, పాడయ్యేది కనిపించే అంకే గాని కొలిమి వేడి కాదు, మరోసారి రాసేసరికి సరిపోతుంది. ఇక నత్తనడక అన్న ఫిర్యాదు. 9600 బాడ్ మీద సెకనుకు దాదాపు 960 అక్షరాలు పోతాయి. 24 వరసలు, 80 గళ్లు ఉన్న తెర నిండాలంటే రెండు సెకన్లు. నిజమే, కాని నిండా ఎందుకు రాయాలి? మారిన అంకె దగ్గరికి కర్సర్‌ని పంపడానికి ఎనిమిది అక్షరాలు, అంకెకి ఐదు, వెరసి పద్నాలుగు మిల్లీసెకన్లు. ఊరికే తెరంతా చెరిపి మళ్లీ రాయించి, తప్పు కేబుల్ మీదకి నెట్టడం అన్యాయం. ‘మరి రాసిందో లేదో తెలియదుగా’ అంటే, కర్సర్ ఎక్కడుందని అడిగే కమాండూ ఉంది. వరసా గడీ బుద్ధిగా చెబుతుంది. ఆపరేటర్ చదివాడో లేదో మాత్రం ఏ ప్రమాణమూ చెప్పలేదు.

టచ్ స్క్రీన్ వద్దని నేననను. గ్రాఫులు, బొమ్మలు కావాల్సినచోట అదే మేలు. కాని నాలుగు అంకెలూ ఒక అలారమూ చూపడానికి బూటయ్యే దాకా కాచుకోవాల్సిన, అప్‌డేట్ కోరితే బతిమాలాల్సిన తెర ఎందుకు? పాతది చచ్చిపోతే ఏం చేస్తామన్న భయమూ అక్కర్లేదు. వీటీ100 భాషలో మాట్లాడే కంట్రోలరైతే, మామూలు ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ ప్రోగ్రాం దాని వేషం చక్కగా కడుతుంది. ఒక్క హద్దు మాత్రం దాటకూడదు: ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌కి విడిగా వైరు ఉండాలి, ప్రాణం ఏ తెరకీ అప్పజెప్పకూడదు. ఆ వైరు సరిగా ఉంటే, పనిచేస్తున్న టెర్మినల్‌ని పాతదన్న ఒక్క నేరానికి మాత్రం పీకేయకండి.