స్వయంజ్వలిత కంబళి

పెండ్లిండ్లు లేని దినములందెల్ల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఫంక్షన్ హాళ్లలో ముసలివారిని వరుసగా కూర్చుండబెట్టి, ఉచితముగా చాయ పోసి, ఉపన్యాసము వినిపించి, కడపట అంటగట్టుచున్న ఆ ‘తనంతట తానే వేడి పుట్టించు’ రగ్గును నేను వేరుగా వర్ణింప నక్కరలేదు. మీ యింటనో, మీ వియ్యాలవారింటనో అది యిదివరకే చేరియుండును. మా చిన్నమ్మ 12,000 రూపాయలు పోసి కొన్నది. “కరెంటు లేదు, నిప్పు లేదు, ఎట్ల కాగుతున్నదో చూడు బిడ్డా” అని నా చేతిని ఆ రగ్గులోనికి దూర్చినప్పుడు, ఆ కాగుచున్నది తానేయని, అరువది యేండ్లుగా తాను తిన్న అన్నమే అట్లు కాగుచున్నదని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ఊరక కూర్చున్న మనిషి యొంటినుండి, ఇంచుమించు నూరు వాట్ల పాతకాలపు బల్బునుండి వెలువడునంత వేడి వెలువడుచుండును. కాలేయము, మెదడు, గుండె, మూత్రపిండములు రాత్రింబవళ్లు ఆరని పొయ్యిలు. చలి మిక్కుటమైనచో కండరములు వణికి ఆ వేడిని మరికొన్ని రెట్లు పెంచును. 1783 నాటికే లవాసియే, లాప్లాసు అను ఫ్రెంచి పండితులు ఒక గినీపందిని మంచు నడుమ నుంచి, దాని యొంటివేడికి కరిగిన నీటిని తూచి చూపిరి. ఆ పందికి రగ్గు లేదు.

ఆ హాలులోని వక్తను నేను కోరునది ఒక్కటే: ఆ రగ్గులో ఒక మంచుగడ్డను చుట్టి చూపుమని. వేడి పుట్టించునదే యైనచో గడ్డ గడియలో కరుగవలెను గదా! అట్లు కరుగదు, బయట పెట్టినదానికంటె మెల్లగా కరుగును. మంచుగడ్డలమ్మువాడు గోనెపట్టాలో ఊక పోసి చుట్టునది అందులకే. ఈ లెక్కన ఆ గోనెపట్టా స్వయముగా చలువను పుట్టించుచున్నదని చాటి ఆతడును 12,000 అడుగవచ్చును. పాపము, చదువుకొననివాడు గనుక అడుగుట లేదు. బట్ట చేయునది పోగుల నడుమ గాలిని కదలనీయక నిలుపుట మాత్రమే. దక్కనీ గొఱ్ఱె యున్నితో గొంగడి నేయు కురుమ “చలి ఆగుతది” అనును గాని, వేడి పుడుతదని యనడు. ఆ ఒక్క క్రియాపదములో నున్న నిజాయితీ వక్తగారి రెండుగంటల యుపన్యాసములో లేదు. మరమగ్గముపై పాలియెస్టరు నేసి నేసి అలసిన సిరిసిల్ల నేతగాడే వచ్చి, ఆ పాలియెస్టరునే మహిమగల వస్త్రమని కొనిపోవుటను చూచి నేనేమనుదును?

ఆ రగ్గు పరారుణ కిరణములను వెదజల్లునట! పెరటిలోని బర్రెయు వానిని వెదజల్లుచున్నది. నమ్మనివారు కోరుట్ల పశువైద్య కళాశాలలో అడుగుడు. 

చిన్నమ్మ పోసిన ఆ 12,000 ఎక్కడివి? దుబాయిలో ఇనుపకడ్డీలు మోయుచున్న కొడుకు పంపినవి. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 మొదలు 3 గంటల దాక ఎండలో పని చేయింపరాదని అక్కడ చట్టమున్నది. తక్కిన గంటలలో మాత్రము ఎండ మంచుగా కురియునా? శ్రమించు కండరము ఖర్చుచేయు శక్తిలో నాలుగవ వంతుకు మించి పనిగా మారదు, మిగిలినదెల్ల వేడియే. గాలి చర్మముకంటె వేడెక్కినప్పుడు ఆ వేడికి చెమట ఆరుట తప్ప వేరు దారి లేదు; తేమ ఆ దారిని గూడ మూసినచో మనిషి తన వేడిలో తానే ఉడుకును. అట్టివాని మరణపత్రమున ‘గుండె ఆగినది’ అని వ్రాయుదురు. గుండె ఆగని చావెక్కడనున్నదయ్యా? అట్టివారి శవపేటికలు శంషాబాదు విమానాశ్రయమున దిగి మన పల్లెలకే వచ్చుచున్నవి. కొడుకు వదిలించుకొనలేని వేడి రూకలై వచ్చినచో, తల్లికి వేడిని అమ్మి ఆ రూకలను దోచుకొనువానిని వర్తకుడనుటకు నాకు మనసొప్పదు, దొంగ యనియే యందును.

వైశాఖమున జగిత్యాల ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు అదే హాలులో చలువ పుట్టించు దుప్పటి వచ్చునట. చిన్నమ్మ ఇప్పుడే పేరు వ్రాయించి, కొడుకు పంపు పైసలకై ఎదురుచూచుచున్నది.